ఊళ్లో తమ్ముడి గానుగ: దెబ్బ మీద దెబ్బ పడుతుంటే చిన్న వ్యాపారాన్ని ఎట్ల నిలబెట్టుకోవాల?

కదిరి_కేఆర్‌పురం:

అందరికీ నమస్తే. నేను బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాను, సొంతూరు కదిరి పక్కన పల్లె. ఊళ్లో మా తమ్ముడు చెక్క గానుగ నడుపుతాండాడు, ఎక్కువ చెనిక్కాయ నూనె, పండగలప్పుడు నువ్వుల నూనె, ఎవరైనా అడిగితే కొబ్బరి. లాక్‌డౌన్‌లో వాడి ఉద్యోగం పోయి ఇంటికొచ్చేసినాక పెట్టినాడు, అమ్మ నగలు బ్యాంకులో పెట్టి కొంత, నాయన పంట డబ్బు కొంత, మిగతాది నేనిచ్చినా.

మొదట్లో బాగా నడిచింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనాక సన్‌ఫ్లవర్ ప్యాకెట్ రేటు ఒక్కసారిగా లేచిపోయింది గుర్తుందా, మనకొచ్చే సన్‌ఫ్లవర్ నూనె చాలావరకు ఆ రెండు దేశాల నుంచే కదా, అప్పుడు ప్యాకెట్ నూనెకీ గానుగ నూనెకీ తేడా తగ్గిపోయి ఊళ్లోవాళ్లు కూడా కొంచెం ఎక్కువైనా మన కళ్ల ముందర ఆడిందే తీసుకుందాం అని వచ్చేవాళ్లు. బెంగళూరులో నేను మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టినా, మారతహళ్లి, మున్నెకొలాల వైపు మనవాళ్లు ఆర్డర్లు ఇచ్చినారు, ఆర్టీసీ కార్గోలో డబ్బాలు వచ్చేవి. తర్వాత ఇక్కడే ఒక ఆర్గానిక్ షాపాయన నెలనెలా ఇంత అని తీసుకోవడం మొదలుపెట్టినాడు, రాన్రాను మా నూనెలో సగం ఆయనకే పోతాండె.

ఇప్పుడు అన్నీ ఒకేసారి వచ్చినాయి. ప్యాకెట్ రేట్లు సర్దుకునే కొద్దీ ఊరి గిరాకీ మెల్లిగా మళ్లీ ప్యాకెట్‌కి పోయింది, 2025 మే ఆఖర్లో ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ మీద బేసిక్ దిగుమతి సుంకం 20 శాతం నుంచి 10కి తగ్గించినారు, కొనేవాళ్లకి మంచిదే, వాడికి మాత్రం ఇంకో దెబ్బ. లీటరు చెనిక్కాయ నూనెకి గింజలు రెండున్నర కిలోల దాకా పడతాయి, నూనె తీసినాక మిగిలే చెక్క (పశువుల దాణా) అమ్మిన డబ్బు తీసేసినా, కరెంటు, డబ్బా, కార్గో అన్నీ చూసుకుంటే 280కి తక్కువ అమ్మితే గిట్టదు. ఆ షాపాయన ఎండాకాలం నుంచి డబ్బులు ఇవ్వలేదు, లక్షా ఎనభై వేలు ఆయన దగ్గరే ఉంది, ఫోన్ చేస్తే వచ్చే వారం అంటాడు, సరుకు మాత్రం పంపమంటాడు. ఊళ్లో ఖాతా పుస్తకం మీద ఇంకో అరవై వేల దాకా ఉంది. ఇంకొక పక్క కాయలు కళ్లాల్లోకి వచ్చే టైం, ఇప్పుడు కొని పెట్టుకోకపోతే సంక్రాంతి తర్వాత రేటు మన చేతిలో ఉండదు. వానలు సరిగ్గా పడని ఏడాదైతే కర్ణాటకలో చళ్లకెర వైపు నుంచి తెచ్చుకోవాల, దానికీ రొక్కమే కావాల. వాడు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటాడు. నాకు భయంగా ఉంది.

నోట్ల రద్దు, జీఎస్టీ, లాక్‌డౌన్ ఇవన్నీ దాటుకుని ఊళ్లల్లో చిన్న చిన్న వ్యాపారాలు చేసుకుంటున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉంటాయి కదా. మీ ఇళ్లల్లో ఎట్ల తట్టుకున్నారు? ఏది పని చేసింది, ఏది చెయ్యలేదు? ధైర్యం చెప్పడం వద్దు, జరిగింది చెప్పండి. వాడికి పెళ్లయింది, చిన్న పాప ఉంది, ఏదో ఒకటి తేల్చుకోవాల.

గూడూరు_పెరంబూర్:

తమ్ముడూ, మాది గూడూరు, పెళ్లయ్యాక మద్రాసొచ్చి పెరంబూర్‌లో ఉంటున్నా. మా నాన్నకి గూడూరులో నిమ్మకాయల మండీ ఉండేది, ఇప్పుడు మా అన్న చూసుకుంటున్నాడు. నీ పోస్ట్‌లో నాకు అన్నిటికంటే భయం వేసిన మాట సగం నూనె ఆయనకే అన్నది. లాక్‌డౌన్ ముందు మా దగ్గర కొంతమంది వ్యాపారస్తులు పూర్తిగా మద్రాసులోని కోయంబేడు హోల్‌సేల్ మార్కెట్ మీదే బతికేవాళ్లు, రాత్రి లోడు ఎత్తితే తెల్లారేసరికి అమ్ముడైపోద్ది, డబ్బు వారంలో వస్తది, ఇంకొకడి ముఖం చూడక్కర్లేదు. 2020 మే 5న కోయంబేడు మూసేశారు. మార్కెట్ నుంచి కరోనా చుట్టుపక్కల జిల్లాలకి పాకిందని కూరగాయల హోల్‌సేల్‌ని తిరుమళిశైకి, పండ్లనీ పూలనీ మాధవరానికి మార్చారు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు కొంటారో, పాత బాకీ ఎవర్ని అడగాలో తెలీని పరిస్థితి. పైగా నిమ్మకాయకి అసలు సీజనే ఎండాకాలం. చెట్టు మీద ఉంచితే పండి రాలిపోద్ది, కోస్తే నాలుగు రోజులకి మెత్తబడిపోద్ది.

మా నాన్న అప్పుడు ఏం చేశాడంటే పెద్ద లోళ్లు మానేశాడు. ఒక చిన్న ట్రక్కు మాట్లాడుకుని నాయుడుపేట, సూళ్లూరుపేట, శ్రీకాళహస్తి, వెంకటగిరి ఇట్టా దగ్గర ఊళ్లల్లో ఒక్కో కూరగాయల కొట్టుకి ఒకటి రెండు బస్తాలు వేసేవాడు. లాభం లేదు, డీజిల్ పోను చేతికొచ్చింది కూలీలకే సరిపోయింది. కానీ రైతుల కాయ ఆగలేదు, కూలీలు వేరే పనికి పోలేదు, రొక్కం రోజూ చేతికొచ్చింది. తర్వాత మార్కెట్లు తెరుచుకున్నాక పెద్ద లోడు కట్టడానికి రైతులు ముందు మా మండీకే వచ్చారు, డబ్బు వారం ఆగి ఇచ్చినా ఒప్పుకున్నారు. ఆ నమ్మకం లేకపోతే ఆ ఏడాది మేము లేచేవాళ్లం కాదు. ఆ చిన్న కొట్లలో కొన్ని ఈరోజుకీ మా అన్న దగ్గరే తీసుకుంటాయి.

ఇంకో సంగతి, చీటీలు. మా వీధిలో అందరూ చీటీలే దాచుకోవడం. వ్యాపారానికి అవసరమొస్తే పాట పాడి ఎత్తుకోవచ్చులే అని ధైర్యం. లాక్‌డౌన్‌లో నలుగురు కట్టడం ఆపేసరికి చీటీ మొత్తం ఆగిపోయింది. అందరికీ ఒకేసారి కష్టమొస్తే చీటీ ఆదుకోదు తమ్ముడూ, ఎందుకంటే అందులో ఉన్నోళ్లందరూ ఒకే బజారోళ్లు. మీ వాడికి అట్టాంటివి ఉంటే అదే దిక్కనుకోవద్దని చెప్పు. కొంత రొక్కం బ్యాంకులో విడిగా, ఎవరికీ చెప్పకుండా ఉండాల.

ఆ షాపుకి సరుకు పంపడం ఈరోజే ఆపించు. పాత బాకీ వస్తదేమో అన్న ఆశతోనే కొత్త సరుకు పోతా ఉంటది, మండీల్లో మునిగిపోయినోళ్లందరిదీ ఇదే కథ.

బ్రాంచి_రిటైర్డ్:

బాబూ, నేను రాయలసీమలోనూ గుంటూరు వైపూ పల్లెటూరి బ్రాంచీల్లో చాలా ఏళ్లు అప్పులు చూసిన వాణ్ణి, ఇప్పుడు బెంగళూరులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నేను చూసినంతలో చిన్న వ్యాపారాలు గిరాకీ తగ్గడం వల్ల మూతపడింది తక్కువ, డబ్బు ఇరుక్కుపోవడం వల్ల మూతపడింది ఎక్కువ. గిరాకీ తగ్గితే మనిషికి రెండు మూడు నెలల ముందే తెలుస్తుంది, తగ్గించుకుంటాడు. డబ్బు ఇరుక్కుంటే పుస్తకంలో లాభం కనపడుతూనే ఉంటుంది, చేతిలో మాత్రం రూపాయి ఉండదు, అప్పుడే నూటికి రెండు, మూడు అని బయటికి వెళ్తారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మీ గానుగలో 24 శాతం మిగులుతోందా? మిగలకపోతే ఆ అప్పుతో కొన్న ప్రతి బస్తా మీదా మీరు నష్టానికే నూనె ఆడిస్తున్నట్టు.

షాపు బాకీ గురించి. మీ తమ్ముడికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందా? 2020 జులై 1 నుంచి వచ్చింది, ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, నెట్ సెంటర్లో వెయ్యి రెండు వేలు తీసుకునే వాళ్లుంటారు, ఇవ్వక్కర్లేదు. నూనె తీయడం తయారీ కింద వస్తుంది కాబట్టి చిన్న పరిశ్రమల కోసం పెట్టిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే దాంట్లో రాసుకున్న గడువులోపు, అది ఎంతైనా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపు కొన్నవాడు డబ్బు కట్టాలి. ఆలస్యమైతే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల కోసం ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఈ రక్షణ సరుకు కొని అమ్మే ట్రేడర్లకి రాదు, తయారు చేసేవాళ్లకీ సర్వీసు ఇచ్చేవాళ్లకీ వస్తుంది, సరుకు ఇచ్చే నాటికే రిజిస్ట్రేషన్ ఉండటం ముఖ్యం, తర్వాత చేయించుకుంటే పాత బిల్లుల మీద వాదనలు వస్తాయి.

వీటన్నిటికంటే బాగా పనిచేసేది ఇంకొకటుంది. ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అని పెట్టారు, 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి, అంటే 2023-24 లెక్కల నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి ఆ గడువులోపు డబ్బు కట్టకపోతే, ఆ కొనుగోలుని నిజంగా కట్టిన ఏడాదే ఖర్చుగా చూపించుకోవాలి, అప్పటిదాకా కొన్నవాడి లాభంలోనే ఉండిపోతుంది, పన్ను పడుతుంది. అందుకని మార్చికి ముందే బిల్లుల మీద ఉద్యమ్ నంబర్ వేసి, మొత్తం బాకీ లెక్కతో ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. షాపాయన పట్టించుకోకపోయినా ఆయన ఆడిటర్ పట్టించుకుంటాడు. గొడవ పడనక్కర్లేదు, మర్యాదగానే రాయొచ్చు.

అప్పు కావాలంటే బయటికి పోకుండా ప్రభుత్వ ముద్ర రుణాల్లో కిశోర్ కేటగిరీ చూడండి, 50 వేల పైన 5 లక్షల దాకా, కనీసం పది లక్షల దాకా చిన్న పరిశ్రమలకి తాకట్టు అడగకూడదని ఆర్బీఐ నిబంధన కూడా ఉంది. నెలనెలా కిస్తీ కట్టే టర్మ్ లోన్ కాకుండా క్యాష్ క్రెడిట్ అడగండి. కాయలు కొనేటప్పుడు వాడుకుంటాడు, నూనె అమ్మినప్పుడు కడతాడు, వాడుకున్నంత మీదే వడ్డీ. మామూలుగా ఏడాది టర్నోవర్ అంచనాలో 20 శాతం లెక్కన లిమిట్ ఇస్తారు. మీ తమ్ముడి టర్నోవర్ ఎంత, రిటర్నులు వేస్తున్నాడా?

ఇంకొక్క మాట. 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు వాయిదా వేసుకునే మారటోరియం ఇచ్చినప్పుడు చాలామంది కిస్తీ మాఫీ అనుకున్నారు. కట్టక్కర్లేదన్నారు గానీ ఆ నెలల వడ్డీ అసలులో కలుస్తూనే ఉంది. చేతిలో డబ్బున్న వాళ్లు కూడా తీసుకుని తర్వాత ఏడాది బాధపడ్డారు. కష్టంలో ఉన్నవాడికి మాత్రం అది ఊపిరి. కిస్తీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, ఆ తర్వాత మేనేజరుకి కూడా చేతులు కట్టేసినట్టే ఉంటుంది. ఇబ్బంది వస్తుందని తెలిసిన నెలలోనే బ్రాంచికి వెళ్లి కూర్చోమనండి. వచ్చి కూర్చున్న వాళ్లకి ఏదో ఒక దారి చూసేవాళ్లం, ఫోన్ ఎత్తని వాళ్లకి చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు.

కదిరి_కేఆర్‌పురం:

సార్, చాలా థాంక్స్. అక్కా మీకు కూడా, సరుకు ఆపమని రాత్రే ఫోన్ చేసి చెప్పినా, వాడు ఒప్పుకోలేదు, ఆయన కూడా పోతే ఎవరికి అమ్మాల అంటాడు. టర్నోవర్ పోయిన ఏడాది 22 లక్షల దాకా ఉంది సార్, లెక్క పుస్తకంలో ఉంది, రిటర్న్ ఒకసారి వేసినాడు. ఉద్యమ్ ఉంది, గానుగ పెట్టినప్పుడే నేనే చేయించినా. కానీ బిల్లులు చేత్తో రాసినవే, ఆ నంబర్ వెయ్యలేదు. జీఎస్టీ లేదు, 40 లక్షల లోపు అక్కర్లేదని ఊళ్లో ఎవరో చెప్పినారంట.

ధర్మవరం_చిక్‌పేట్:

అన్నా, మాది ధర్మవరం, నేను ఇక్కడ చిక్‌పేట్‌లో పట్టుచీరల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తా, ఇంటి దగ్గర నాయనకి సొంత మగ్గాలు రెండు, బయట కూలికి నేసేవాళ్లు కొంతమంది. మాకు తగిలిన దెబ్బలు చెప్తా, మీ తమ్ముడికి పనికొస్తే తీసుకోండి.

2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దన్నారు, పొద్దున్నే నేతగాళ్లకి కూలి ఇయ్యాల. సేవింగ్స్ ఖాతాలో వారానికి 24 వేలు, కరెంట్ అకౌంట్ అయితే 50 వేలు, అంతకంటే ఇయ్యరు, అది కూడా బ్యాంకులో నోట్లుంటే. ఆ వారాల్లో మా దగ్గర చాలా మగ్గాలు ఆగిపోయినాయి. చీరలు అమ్ముడుకాక కాదు, కూలి ఇయ్యడానికి చిల్లర లేక. మా నాయన బజార్లో కిరాణా కొట్టాయనతో మాట్లాడి, మావాళ్లు ఎవరొచ్చినా బియ్యం, పప్పు, నూనె ఇయ్యి, నెలాఖరుకి నేను చెక్కు ఇస్తా అన్నాడు. కూలిలో సగం అట్ల సరుకుగా పోయింది, మిగతాది నోట్లు దొరికినప్పుడు. మగ్గం ఒక్కరోజు కూడా ఆగలేదని చెప్పను, కానీ నేసేవాళ్లు బెంగళూరుకి సెక్యూరిటీ గార్డు పనికి పోలేదు. ఒకసారి మగ్గం దిగి ఊరు దాటినోడు మళ్లీ వచ్చి కూర్చోవడం చాలా అరుదు అన్నా, మా వీధిలో అట్ల ఖాళీ అయిన మగ్గం గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. నైపుణ్యం ఉన్న మనిషిని నిలుపుకోవడం కంటే పెద్ద పని ఏదీ లేదు ఆ టైంలో.

తర్వాత 2017 జులైలో జీఎస్టీ వచ్చి పట్టు నూలు మీద, చీర మీద 5 శాతం పడింది, కొత్తగా లెక్కలు రాయించే ఖర్చు కూడా తోడైంది. 2019 డిసెంబర్‌లో నేతన్న నేస్తం పథకం మా ధర్మవరంలోనే మొదలుపెట్టినారు, సొంత మగ్గం ఉన్న ఇంటికి ఏడాదికి 24 వేలు. లాక్‌డౌన్ ఏడాది ఆ డబ్బుతోనే పొయ్యి వెలిగిన ఇళ్లు నాకు తెలుసు. కానీ కూలికి వేరేవాళ్ల మగ్గం మీద నేసేవాళ్లకి అది రాలేదు, వాళ్లే ఎక్కువ కష్టంలో ఉన్నోళ్లు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

లాక్‌డౌన్‌లో అసలు దెబ్బ వేరే. పెళ్లిళ్లు ఆగిపోయినాయి, ఒక్కోటి పది పదిహేను వేలు చేసే చీరలు బీరువాలో ఉండిపోయినాయి, పట్టు, జరీ అంతా మన డబ్బే. మా నాయన ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇదీ: సొంత డబ్బుతో నేయించేది సగం, మిగతా సగం షాపులవాళ్లే పట్టు, జరీ ఇస్తే కూలికి నేయించి ఇయ్యడం. కూలికి నేస్తే లాభం తక్కువే, కానీ చీర అమ్ముడుపోకపోయినా ఆ నష్టం మనది కాదు. రామనగర మార్కెట్లో పట్టుగూళ్ల రేటు లేచినా పడినా నిద్ర పడతాది.

గానుగకి కూడా ఇదే చెయ్యొచ్చు అనిపిస్తాది. మీ వైపు ప్రతి రైతూ ఇంటికి, విత్తనానికి అని కొన్ని బస్తాలు ఉంచుకుంటాడు కదా, వాళ్ల కాయలు వాళ్లే తెచ్చుకుంటే కూలికి ఆడించి ఇయ్యమనండి. కిలోకి ఇంత కూలి, లేదంటే చెక్కని గానుగ దగ్గరే వదిలేసి నూనె ఊరికే తీసుకుపొమ్మనండి. రూపాయి పెట్టుబడి లేదు, కాయ రేటుతో పని లేదు, ప్యాకెట్ నూనెకి పోయిన ఊరి గిరాకీ మళ్లీ గడప తొక్కుతాది. మా మేనమామ వాళ్ల ఊళ్లో ఒకాయన ఇట్లే చేస్తాడు, ఆడోళ్లు గానుగ దగ్గరే కూర్చుని వాళ్ల గింజ వాళ్ల కళ్ల ముందరే పడిందా లేదా చూసుకుంటారు, మడ్డి తేరేదాకా రెండు మూడు రోజులు వాళ్ల క్యానే ఎండలో పెట్టి పేరు రాసిపెడతాడు, వేరే నూనె కలిపినాడేమో అన్న మాటే రాదు.

హిందూపురం_పాలబిల్లు:

నేను కొంచెం కఠినంగా చెప్తా, ఏమనుకోవద్దు. నువ్వు నెలనెలా ఊరికి పంపే డబ్బు యాడికి పోతాంది? ఇంటి ఖర్చుకా, గానుగకా? అది తేలకుండా వ్యాపారం బతుకుతాందో లేదో ఎవరూ చెప్పలేరు. మా ఇంట్లో కోళ్ల ఫారం ఇట్లే నడిచింది, మా అన్న జీతం దాంట్లోకే పోతాండె, అందరూ ఫారం బాగుంది అనుకుంటాండ్రి, అన్నకి పెళ్లయి డబ్బు పంపడం తగ్గించినాక నాలుగు నెలల్లో మూసేసినాం. మూయడం తప్పు కాదు. అప్పు పెరగక ముందు మూస్తే మోటరు, గానుగ అమ్ముకోవచ్చు, పొలం మిగులుతాది.

నడపాలనుకుంటే ఇంటి ఖర్చు గానుగ మీద పడకుండా చూడు. మా ఇల్లు ఈరోజు నిలబడింది పాల మీద. పదిహేను రోజులకోసారి డెయిరీ బిల్లు వస్తాది, ఎక్కువ కాదు, కానీ తప్పదు. మీ దగ్గర చెక్క ఉండనే ఉండాది, రెండు ఆవులు కట్టేసుకుంటే బయట చెక్క కొనే పని లేదు. వ్యాపారంలో నెల తప్పినా ఉప్పు పప్పుకి అప్పు చెయ్యకుండా ఉంటే మనిషి బుర్ర సరిగ్గా పని చేస్తాది. ఉప్పు పప్పుకి అప్పు చేసినోడు భయంతో సరుకు అమ్ముతాడు, భయంతో అమ్మినోడికి రేటు రాదు.

బ్రాంచి_రిటైర్డ్:

హిందూపురం ఆయన అడిగింది నేనూ అడగాల్సిన ప్రశ్నే. బ్యాంకులో మేము మొదట చూసేది కూడా అదే, ఇంటి డబ్బూ కొట్టు డబ్బూ ఒకే గల్లాలో ఉందా అని. వేరే కరెంట్ అకౌంట్ తెరిపించండి, తమ్ముడు తన కష్టానికి నెలకి ఇంత అని జీతంలా తీసుకుని, మిగతాది ముట్టుకోకూడదు. మీరు పంపే డబ్బు ఇంటి ఖాతాకే పోవాలి.

జీఎస్టీ దగ్గర ఆగండి, అది జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకి 40 లక్షల లిమిట్ అన్నది రాష్ట్రం లోపల అమ్మితేనే. మీ నూనె కదిరి నుంచి కర్ణాటకకి వస్తోంది. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న వ్యాపారులకి తక్కువ పన్ను ఉండే కాంపొజిషన్ స్కీమ్ తీసుకుంటే సరిపోతుందని కొందరు చెప్తారు, అది కూడా కుదరదు, కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. కాబట్టి బెంగళూరు గిరాకీ ఉంచుకోవాలంటే రెగ్యులర్ రిజిస్ట్రేషన్ తీసుకుని, వంట నూనె మీద 5 శాతం వేసి బిల్లు ఇవ్వాలి. పాత అమ్మకాల సంగతి ఒక మంచి ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి, ఆలస్యం చెయ్యొద్దు. ఆ షాపుకి ఉత్తరం పంపడం కూడా ఆడిటర్‌ని కలిసిన తర్వాతే, ఎందుకంటే మనం బిల్లు చూపించి డబ్బు అడుగుతున్నప్పుడు మన బిల్లులు సరిగ్గా ఉండాలి.

2025 జులైలో బెంగళూరులో చిన్న చిన్న కొట్లవాళ్లకి యూపీఐ లెక్కలు చూసి పన్ను నోటీసులు వచ్చాయి, చాలా కొట్ల ముందు యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే అని కాగితాలు అంటించారు, మీరూ చూసే ఉంటారు. పాలు, కూరగాయలు లాంటి పన్ను లేని సరుకు అమ్మినవాళ్లకి కూడా లెక్క చూపించుకోవాల్సి వచ్చింది. క్యాష్‌కి మారడం దానికి మందు కాదు. మీ తమ్ముడు ఏ రోజు ఏం కొన్నాడు, ఏం అమ్మాడు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే నోటీసు వచ్చినా, బ్యాంకు అప్పు అడిగినా అదే కాపాడుతుంది. 22 లక్షల టర్నోవర్ రిటర్న్‌లో కనపడితే క్యాష్ క్రెడిట్ 4 లక్షల పైన అడగడానికి వీలుంటుంది. పుస్తకంలో మాత్రమే ఉంటే ఏ మేనేజరూ ఇవ్వలేడు.

పీఎంఎఫ్ఎంఈ అని కేంద్రం ఒక స్కీమ్ పెట్టింది, చిన్న ఆహార పరిశ్రమలకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. ఎవరో ఒకరు వచ్చి మీకు చెప్తారు, అందుకే ముందే అంటున్నాను, ఇప్పుడు దాని జోలికి పోవద్దు. అది ముఖ్యంగా మిషన్లు పెంచుకోవడానికి పనికొస్తుంది. మీకు తక్కువైంది మిషను కాదు. సబ్సిడీ వస్తుందని కొత్త గానుగ పెట్టి, దాని కిస్తీ కట్టలేక పాతది కూడా పోగొట్టుకున్న వాళ్లని చూశాను.

గూడూరు_పెరంబూర్:

సార్ చెప్పిన జీఎస్టీ సంగతి నాకూ కొత్తే. తమ్ముడూ, ఆయన కూడా పోతే ఎవరికి అమ్మాల అన్నాడు కదా మీవాడు, దానికి ఒకటి చెప్తా. ఆ షాపుకి పోయే నూనె మొత్తం ఒకేసారి తీసుకునే ఇంకో షాపు కోసం వెతకొద్దు. ఒక పెద్దాయన పోయి ఇంకో పెద్దాయన వస్తే మళ్లీ అదే. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో తీసుకునేవాళ్లని ముందు డబ్బు వేయమను, నెలకి ఒకసారి, ఫలానా తేదీకి డబ్బాలు వస్తాయి అని. ఎన్ని లీటర్లకి డబ్బు వచ్చిందో అంతే ఆడించమను. మా అన్న మద్రాసులో పచ్చళ్లు పెట్టేవాళ్లకి కాయలు ఇట్టాగే ఇస్తాడు, ముందు డబ్బు, తర్వాత కోత. మొదట్లో ముగ్గురే ఒప్పుకున్నారు, కాయ బాగుందని వాళ్లే ఇంకొంతమందిని తెచ్చారు.

ఊళ్లో ఖాతా మాత్రం పూర్తిగా మూసేయొద్దు. ఊళ్లో అప్పు ఇవ్వని కొట్టుకి ఎవరూ రారు, అందులో ముసలోళ్లు, పింఛను వచ్చాక కట్టేవాళ్లు ఉంటారు. ఒక్కొక్క ఇంటికీ ఇంత అని హద్దు పెట్టి, పాతది కడితేనే కొత్తది అని చెప్పమను. కాయలున్న ఇల్లయితే బాకీకి కాయలే ఇమ్మను, ఇప్పుడు కళ్లాలే కదా.

కదిరి_కేఆర్‌పురం:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇదంతా చదివి వాడితో రాత్రి చాలాసేపు మాట్లాడినా. హిందూపురం అన్నా, మీరడిగింది నిజమే, నేను పంపేదాంట్లో ఎక్కువ గానుగకే పోయిందంట, లెక్క వేసి చూస్తే వాడికే ఆశ్చర్యం వేసింది. ఈ నెల నుంచి నా డబ్బు అమ్మ ఖాతాకే పోతాది.

షాపుకి సరుకు ఆపడానికి ఒప్పుకున్నాడు. ఈ ఏడాది మామూలుగా కొనేదాంట్లో మూడో వంతే కాయలు కొందామని అనుకున్నాం, చేతిలో ఉన్న డబ్బుతో, రెండు రూపాయల వడ్డీ జోలికి పోకుండా. అక్క చెప్పినట్టు బాకీలో కాయలు ఇచ్చే ఇళ్లు తొమ్మిది పది దాకా ఉన్నాయంట, 2025-26కి మద్దతు ధర క్వింటాలుకి 7,263 కదా, దానికి తక్కువ కాకుండా లెక్క కట్టుకుంటానన్నాడు, బాకీ ఉన్నారని తక్కువ రేటు కట్టడం వాడికి ఇష్టం లేదు. కూలికి ఆడించడం మాత్రం వాడికి చాలా నచ్చింది, ధర్మవరం అన్నా, చెక్క వదిలేసే పద్ధతి మా తాత కాలంలో మా ఊళ్లోనే ఉండేదంట, నాయన చెప్పినాడు. ఆవుల సంగతి అమ్మని అడగాల, చాకిరీ ఆమె మీద, మా మరదలి మీద పడతాది, వాళ్లు ఒప్పుకుంటేనే.

శనివారం ఊరికి పోతాండా, ఆ బిల్లులన్నీ తెచ్చుకుని సోమవారం ఇక్కడే ఒక ఆడిటర్‌ని కలుస్తా. సార్, ఒక చిన్న డౌట్: కూలికి ఆడించి తీసుకునే డబ్బు కూడా టర్నోవర్ లెక్కలోకి వస్తాదా? చెక్కే కూలిగా ఉంచుకుంటే దాన్ని పుస్తకంలో ఎట్ల రాయాల?

బ్రాంచి_రిటైర్డ్:

వస్తుంది బాబూ. కూలి డబ్బు సర్వీసు ఆదాయం, రాయండి. చెక్క ఉంచుకుంటే ఆ రోజు చెక్క రేటు ఎంతుంటే అంత కూలి వచ్చినట్టు రాసి, తర్వాత అమ్మినప్పుడు అమ్మకంలో చూపించండి. ఎవరి కాయలు, ఎన్ని కిలోలు, ఎంత నూనె ఇచ్చారు అన్న మూడు గడులు ఉన్న పుస్తకం విడిగా పెట్టించండి, మన సరుకూ వాళ్ల సరుకూ కలిసిపోకూడదు. పన్ను ఎట్లా పడుతుందో ఆడిటర్ చెప్తాడు, సోమవారం వెళ్లేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యమ్ సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్లండి.